ఎర్రసముద్రం మధ్యలో ఆమేన్

యోనాకు ప్రార్థన మొదలుపెట్టడం వచ్చు, ముగించడం రాదు. లోకాన్ని చేయడానికి దేవుడికి ఆరు దినాలు పట్టిందంటే ఇతరులెవరైనా ఆశ్చర్యపడవచ్చు గాని, మొగలిపేట జనం ఆశ్చర్యపడేవారు కారు. ఆ లోకాన్నంతటినీ యోనా ఒక్క భోజన ప్రార్థనలో మళ్ళీ మొదటినుంచీ చేసి చూపించేవాడు. "వెలుగు కలగమన్నావు తండ్రీ, కలిగినాది, నీకు స్తోత్రం" అని అతను ఎత్తుకున్నాడంటే, ఆకుల ముందు కూర్చున్నవారికి తమ స్థితి అర్థమైపోయేది. ఆదాము ఇంకా పుట్టలేదు. పుట్టాలి, పండు తినాలి, తోటలోనుంచి గెంటబడాలి. తాము అన్నంలో చెయ్యి పెట్టే వేళకు ఎన్నో తరాలు గడవాలి.

మొగలిపేట కవిటికీ సముద్రానికీ నడుమ, కొబ్బరితోటలు ఇసుకలోకి దిగే చోట ఉంది. ఆ రోజుల్లో ఆ ప్రాంతమంతా గంజాం జిల్లా. పేట ఊరికి వెలుపల ఉండేది. ఊరికీ పేటకూ మధ్య ముళ్ళ మొగలి కంచె. పేటలోని వారందరూ టెక్కలి మిషను ద్వారా బాప్తిస్మం పొంది, తాటాకు కప్పిన చిన్న ప్రార్థనాలయం కట్టుకున్నవారు. యోనా వృత్తి కొబ్బరి పీచుతో తాళ్ళు పేనడం. ఒక పాయ అయిపోకముందే మరో పాయ అందించి, ఎక్కడ అతుకు పడిందో తెలియకుండా తాడును సాగదీయడంలో ఆ కొబ్బరితోటల సీమ ఉద్దానం మొత్తానికి అతనిదే పేరు. ఆ పనితనాన్నే అతను ప్రార్థనలోనూ చూపించాడన్నది పేటవారి అభియోగం.

ఒకసారి కోటబొమ్మాళి సంతలో తాళ్ళు అమ్ముకుని, ఇంటికి రావడానికి హరిశ్చంద్రపురం స్టేషనుకు వెళ్ళాడు. బండి వచ్చి ఆగింది. ప్రయాణానికి ముందు ప్రార్థించడం క్రైస్తవ ధర్మం కనుక, యోనా మూట కింద పెట్టి, రెండు కళ్ళూ గట్టిగా మూసుకుని, బండి నడిపే దొర కోసం, బొగ్గు వేసేవాడి కోసం, పట్టాల కోసం, దారిలోని వంతెనల కోసం, ఎక్కిన ప్రతి ప్రాణి కోసం ప్రార్థించాడు. కళ్ళు తెరిచేసరికి ఎదురుగా బండి లేదు. జెండా చుట్టుకుంటున్న మనిషి ఒకడున్నాడు.

"బండి ఎల్లిపోనాది, ముసలాయనా!"

"అందరూ బాగా ఎక్కినారా బాబూ?"

"నువ్వు తప్ప అందరూ ఎక్కినారు."

"మరింకేటి కావాల? ఆల్లు సేమంగా సేరిపోతారు. ప్రార్దన సేసీసినాను" అని మూట నెత్తిన పెట్టుకుని నడక సాగించాడు.

టెక్కలి నుంచి మిషను దొరసాని గారు పేటను చూడడానికి వచ్చినప్పుడు, మర్యాదకు తేనీరు కాచి, యోనాను ఆశీర్వదించమన్నారు. ఆ తేనీటిలో ఒక ఈగ పడింది, ఈదింది, అలసింది, ప్రాణం విడిచింది. అప్పటికి యోనా అబ్రాహాము దగ్గరికి వచ్చాడు.

"యోనా, దేవుడు చెవిటివాడు కాడు" అన్నారు దొరసాని గారు, తాము నేర్చిన చక్కని తెలుగులో.

"ఔనండి అమ్మగారూ. అందుకే కేకలెయ్యకుండా మెల్లగా సెప్తన్నాను."

ఈ ముచ్చట్లన్నీ యోనా భార్య దోర్కాస్ నోట విని నవ్వుకున్నవారిలో అతని మేనకోడలు నయోమి కూడా ఉంది. అయితే అది ఆమె మొగలిపేటకు రాకముందు. మిషను పాఠశాలకు పంతులమ్మగా వచ్చి, మేనమామ ఇంట్లో దిగి, అతని ప్రార్థన తర్వాత అన్నం తినవలసి వచ్చినప్పుడు ఆ నవ్వు ఆగిపోయింది.

నయోమి తండ్రి టెక్కలిలో ఒక వకీలు దగ్గర గుమస్తాగా బతికి చనిపోయాడు. ఆయన రాత్రిపూట చదువుకునే చట్టపు సెక్షన్లు పక్కన కూర్చున్న పిల్లకు కంఠతా వచ్చేశాయి. స్త్రీలు కోర్టులో వాదించడానికి అప్పటి చట్టం ఒప్పుకోలేదు. అందుచేత ఆమె వాదనాశక్తి అంతా పాఠశాలలోనూ, సంఘంలోనూ, ముఖ్యంగా మేనమామ మీదా వినియోగమయ్యేది. తెల్లవారకముందే లేచి వాక్యం చదవడం, మౌనంగా ప్రార్థించడం, నిన్నటి తప్పులను తానే విచారించి తానే తీర్పు చెప్పుకోవడం ఆమె నిత్యకృత్యం. క్రీస్తును నడిమిన నిలుపుకున్న జీవితం గీత గీసినట్టు ఉండాలని ఆమె నమ్మకం. మొగలిపేట దేవుడి రాజ్యానికి నమూనాగా తయారు కావాలి. అది వీలైతే ఈ సంవత్సరమే కావాలి. దానికి అడ్డం యోనా ప్రార్థన.

ఆదివారం ఆరాధన అయ్యాక పేటంతా ప్రార్థనాలయం పక్క ఆవరణలో కలిసి భోజనం చేసేది. ప్రతి ఇంట్లోనూ ఆడవాళ్ళు వంటకు బియ్యం కొలిచినప్పుడల్లా ఒక పిడికెడు తీసి 'ప్రభువు కుండ'లో వేసేవారు. వారమంతా పోగైన ఆ బియ్యమే ఆదివారపు అన్నం. వానలు తప్పిన ఆ ఏడు పిడికిళ్ళు చిన్నవయ్యాయి గాని ఆగిపోలేదు. బియ్యం లేనివారు చోళ్ళు, అంటే రాగులు, వేసేవారు. వారానికి ఆ ఒక్క పూటే చాలామందికి కడుపునిండా అన్నం. దాన్ని పొగలు కక్కుతుండగా తినాలని ఎవరికుండదు? సింహాద్రికి మరీ ఉండేది. సింహాద్రి సంఘంలో పెద్ద. బాప్తిస్మంలో అతనికి మంచి పరిశుద్ధుడి పేరే పెట్టారు గాని, సింహాద్రి అని పిలవడం ఊరు మానలేదు, పలకడం అతనూ మానలేదు. అన్నం చల్లారిపోవడాన్ని అతను స్వంత పరాభవంగా తీసుకునేవాడు.

ఆ కరువేడులోనే యోనాకు కొత్త వెర్రులు కొన్ని పుట్టాయి. మొదటిది కాకుల కుండ. వంట కాగానే, ఎవరికీ వడ్డించకముందు, ఒక కుండెడు అన్నమూ కూరా తీసి, ప్రార్థనాలయం వెనక అరుగు మీద, మొగలి కంచె వైపు పెట్టించేవాడు.

"ఎవరికి మావా అది?" అని నయోమి అడిగింది.

"కాకులకమ్మా. ఏలీయా అడివిలో ఆకలితో ఉంటే కూడు తెచ్చి పెట్టింది ఎవురు? కాకులు. ఆ ఉపకారం ఎవురో ఒకలు తీర్చొద్దా?"

"మనుషులకే చాలడం లేదే!"

"కాకులకీ సాల్తన్నాదేటి?"

అంతటితో ఆగలేదు. ఒక మధ్యాహ్నం కంచె దగ్గర నిలబడి, చేతులు నోటికి అడ్డంగా పెట్టుకుని, ఆకాశంలోకి కేకలు వేశాడు. "ఓ కాకుల్లారా! ఆదోరం నాడు మీ కూడు ఎనకరుగు మీద ఉంటాది. ప్రార్దనప్పుడు మాలో ఎవుడూ కళ్ళు తెరవడు. బయ్యం నేకుండా రండి!" ఆ సమయంలో ఆకాశంలో ఒక్క కాకి కూడా లేదని, కంచె అవతల ఊరి ఆడవాళ్ళు ఎండు కొబ్బరి కమ్మలు ఏరుకుంటున్నారని, తాను సిగ్గుతో చచ్చిపోయానని దోర్కాస్ చెప్పింది. "సూడమ్మా, ముసలోడికి మతి పోనాది. నా కరమ" అంటూనే, కుండలో అన్నం మీద ఇంకో గరిటెడు పప్పు వేసేది.

రెండో వెర్రి మరీ విపరీతం. ఎప్పటికీ ముగియని యోనా ప్రార్థన ఆదివారం భోజనాల దగ్గర మాత్రం ఉన్నట్టుండి తెగిపోయేది. ఒకసారి నోవహు ఓడ తలుపు వేసుకున్నాడో లేదో, వాన మొదలైందో లేదో, "ఆమేన్" అన్నాడు. ఇంకోసారి యోసేపును గోతిలో వదిలేశాడు. మరోసారి మోషే కర్ర చాపగా, నీళ్ళు గోడల్లా నిలిచిపోగా, ఇశ్రాయేలు జనమంతా ఆలుబిడ్డలతో గొడ్డూగోదాతో ఎర్రసముద్రం నట్టనడుమకు వచ్చి ఉండగా, వెనక ఫరో రథాలు తరుముకొస్తుండగా, "ఆమేన్. ఒడ్డించండి" అన్నాడు.

మూడోదాన్ని నయోమి కనిపెట్టింది. భోజన ప్రార్థన చేసేటప్పుడు యోనా కుడి కన్ను మూసి ఉండేది. ఎడమ కన్ను తెరిచి ఉండేది.

"మావా!" అని ఆమె మరునాడు, అతను తాడు పేనుతున్న చోట నిలదీసింది. "ఇశ్రాయేలీయుల్ని సముద్రం మధ్యలో నిలబెట్టి ఆమేన్ అంటావా? అవతలి గట్టుకు చేర్చవద్దా?"

"ఆల్లెప్పుడో సేరిపోనారు గదమ్మా. ఇప్పుడాల్లకోసం నీకు బెంగెందుకు?"

"సరే. ఆ కన్ను మాటేమిటి?"

"మెలకువగా ఉండి ప్రార్దన సెయ్యమని ప్రభువే సెప్పినాడు కదా."

"అది హృదయపు మెలకువ!"

"నాది ముసలి గుండె. కన్ను తెరవకపోతే నిద్దరపోతాది." యోనా పీచు పాయ అందించి, తాడును రెండు మెలికలు తిప్పాడు. తర్వాత అన్నాడు: "వకీలమ్మా, నువ్వు సదువుకున్నావు. నాకు తెలిసింది ఒక్కటే. ప్రార్దనంటే అస్తమానం ప్రభువుతో మాటాడ్డమే కాదు. ఆయన ఎటేపు సూత్తన్నాడో, మనమూ అటేపు సూడ్డం."

మాట బాగుంది గాని జవాబుగా చెల్లదని నయోమి తీర్మానించింది. దొంగ వకీళ్ళందరూ చిక్కుపడినప్పుడు మంచి మాటలే చెబుతారని ఆమె తండ్రి అనేవాడు.

ఆమె ఓర్పు నశించడానికి మరో కారణం పోలమ్మ. పోలమ్మ ఊరి రైతు ఇంటి కోడలు. భర్త పని వెతుక్కుంటూ ఓడెక్కి బర్మాలోని రంగం వెళ్ళాడు; వెళ్ళిన తర్వాత కబురు లేదు. మామ తవిటయ్య మంచాన పడ్డాడు. ఒకప్పుడు కొబ్బరితోటలున్న ఇల్లు. పోలమ్మ కంచె పక్కన కమ్మలు ఏరుకుంటుంటే, నయోమి ప్రేమగా "బాగున్నావా అక్కా?" అని ఎన్నిసార్లు పలకరించినా, ఆమె తల తిప్పుకుని వెళ్ళిపోయేది. పేటవాళ్ళ చేతి నీళ్ళు తాగినా కులంలోనుంచి వెలివేస్తామని ఊరి పెద్దలు కట్టడి చేసి ఉన్నారు. మన సంఘం క్రమంగా, గౌరవంగా, నవ్వులపాలు కాకుండా ఉంటేనే ఊరు మనల్ని మనుషులుగా చూస్తుందని నయోమి ఆలోచన. కాకులతో మాట్లాడే మేనమామ వల్ల ఆ గౌరవం ఎలా వస్తుంది?

నెలనెలా జరిగే సంఘ కూటంలో ఆమె లేచి నిలబడింది. ఉపదేశి యేసుదాసు అధ్యక్షుడు. మెత్తని మనిషి, ఎవరి పక్షాన తీర్పు చెప్పినా రెండో పక్షాన్ని చూసి కన్నీళ్ళు పెట్టుకునేవాడు. నయోమి మూడు నేరాలు మోపింది: అమితమైన నిడివి, అకారణమైన ముగింపు, తెరిచిన కన్ను.

"సాచ్చికం నాను సెప్తాను" అని సింహాద్రి ఉత్సాహంగా లేచాడు. "కన్ను తెరిసే ఉంటాది బాబూ. నాను సూసినాను. ప్రతీ ఆదోరం సూత్తన్నాను."

యోనా వినయంగా అడిగాడు. "బావా, ప్రతీ ఆదోరం సూత్తన్నావా?"

"సూత్తన్నాను!"

"ప్రార్దన జరుగుతన్నప్పుడే?"

"అప్పుడే!"

"మరి నీ కళ్ళేటి సేత్తన్నాయి?"

కూటం కూటమంతా గొల్లుమంది. సింహాద్రి కూర్చుని, తర్వాత ఎంత పిలిచినా సాక్షిగా లేవలేదు. అయినా చల్లటి అన్నం తిన్న కడుపులు నవ్వుతో నిండవు. చేతులెత్తమన్నప్పుడు నయోమి పక్షానే ఎక్కువ చేతులు లేచాయి. వచ్చే ఆదివారం నుంచి భోజన ప్రార్థన ఉపదేశి చేయాలి. అది భోజనానికి సంబంధించినదై ఉండాలి. సృష్టికి సంబంధించినదై ఉండకూడదు.

యోనా లేచి నిలబడ్డాడు. అతనికి చదవడం రాదు. పాట ఎత్తుకుంటే రాగం మరో ఊళ్ళో ఉండేది. సంఘంలో అతనికున్న పని ఆ ఒక్క ప్రార్థనే.

"సంగం మాటే నా మాట. ఒక్కటి మాత్రం అడుగుతాను. కాకుల కుండ ఆపొద్దు."

ఎవరూ ఆపమనలేదు. గెలిచినవారికి ఉదారంగా ఉండడం సులభం.

ఇంటికి వెళ్ళే దారిలో దోర్కాస్ రెండడుగులు ముందే నడిచింది. గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి అంది: "గెలిసినావమ్మా. మంచిదే. ఆయనకి అదొక్కటే ఉండేది."

ఆ మాట నయోమికి ముల్లులా దిగింది. అయినా ముల్లు గుచ్చుకున్నంత మాత్రాన దారి తప్పు కాదని సర్దిచెప్పుకుంది.

తర్వాతి ఆదివారం యేసుదాసు రెండు వాక్యాలలో స్తోత్రం చెప్పి ఆమేన్ అన్నాడు. అన్నం పొగలు కక్కుతోంది. సింహాద్రి నాలుక కాల్చుకుని ఆనందబాష్పాలు రాల్చాడు. పేటంతా పండగలా తింది. యోనా మాత్రం ఆకు ముందు కూర్చుని, మెతుకు ముట్టకుండా, వెనక అరుగు వైపు చూస్తూ ఉండిపోయాడు.

"అలిగావా మావా?"

"అలగడానికి నానేటి పెల్లికొడుకునా? ఆకలి నేదమ్మా."

భోజనాల తర్వాత నయోమి చేతులు కడుక్కోవడానికి వెనక్కి వెళ్ళింది. అరుగు మీద కాకుల కుండ బోర్లాపడి ఉంది. నాలుగైదు కాకులు అన్నాన్ని ఇసుకలోకి ఈడ్చి, కలహించుకుని, కుండ మీద మూసిన మూకుడు పగలగొట్టి, ఆ ప్రదేశాన్నంతా రోతగా చేశాయి. ఆమె చీపురు తెచ్చి ఊడవబోయి, చటుక్కున ఆగిపోయింది.

ఇన్ని వారాలుగా ఆ కుండను ఆమె చూస్తూనే ఉంది. ప్రతి ఆదివారమూ అది ఖాళీగా, బూడిదతో తోమి, కడిగి, అరుగు మీద పద్ధతిగా బోర్లించి ఉండేది. ఇసుకలో ఒక్క మెతుకు ఉండేది కాదు. ఏ కాకి కుండ తోముతుంది?

గుమస్తా కూతురి బుద్ధి అప్పుడు పని చేయడం మొదలుపెట్టింది. రైలు ముందర యోనా రెండు కళ్ళూ మూసుకున్నాడు. అందుకే బండి వెళ్ళిపోయిన సంగతి తెలియలేదు. దొరసాని గారి ముందూ రెండు కళ్ళూ మూసుకున్నాడు. తాడు ముట్టుకునే ముందు, పడుకునే ముందు, తలుపు తీసే ముందు చేసే ప్రార్థనలన్నిటిలోనూ రెండు కళ్ళూ మూసే ఉంటాయి. ఆదివారం భోజనాల దగ్గర మాత్రమే ఒక కన్ను తెరిచి ఉంటుంది, ప్రార్థన అక్కడ మాత్రమే అర్ధాంతరంగా ఆగుతుంది. ఇదంతా తన కళ్ళ ముందే ఉంది. తాను నేరాలు మోపింది గాని, వాటిని ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడలేదు.

ఆపై ఆదివారం ఆమె భోజనాలకు కూర్చోకుండా, ఆవరణ పక్కనే ఉన్న పాఠశాల వెనక గోడ దగ్గర నిలబడింది. అవతల పంక్తి ముందు యేసుదాసు స్తోత్రం మొదలుపెట్టాడు. కంచెలో ఒక చోట మొగలి ఆకులు కదిలాయి. ముళ్ళను చేత్తో పక్కకు తొలగించి, కొంగు నెత్తిన లాక్కుని, పోలమ్మ ఒక అడుగు లోపలికి పెట్టింది. "ఆమేన్" అని వినిపించింది. ఆకుల చప్పుడు, నవ్వులు, తెరుచుకున్న ఇన్ని జతల కళ్ళు. పోలమ్మ ఆ ఒక్క అడుగూ వెనక్కి తీసుకుంది. ఆమె మోచేతి మీద ముల్లు గీరిన చోట రక్తం చుక్క నయోమికి అంత దూరం నుంచీ కనిపించింది.

తల తిప్పుకుని వెళ్ళిపోయేది గర్వం వల్ల కాదు. ఎదురుగా నిలబడి 'బాగున్నావా' అని అడిగితే, బాగున్నానని అబద్ధం చెప్పాలి.

నయోమి తాళ్ళు పేనే చోటికి వెళ్ళి మేనమామ ముందు చతికిలబడింది.

"ఎవరది మావా?"

"ఎవురు?"

"కాకి."

"నానేటీ సూడనేదు. కళ్ళు మూసుకున్నోడ్ని సాచ్చికం అడక్కూడదమ్మా."

"నీది ఒక కన్ను తెరిచే ఉంది. దాని సాక్ష్యం కావాలి."

"ఆ కన్ను ప్రభువుకిచ్చీసినాను. అది సూసింది ఆయనకే సెప్తాది, ఇంకెవురికీ సెప్పదు."

"సంఘంలో ఒక్క మాట చెప్పి ఉంటే నేను ఈ గొడవ పెట్టేదాన్నా? అందరూ మంచివాళ్ళే కదా!"

"మంచోల్లే. అదే బయ్యం. మంచోల్లు జాలి పడతారు. జాలి పడినోడు ఊరుకోడమ్మా, పెల్లానికి సెప్తాడు. ఆవిడ నూతికాడ సెప్తాది. ఆ మాట కంచె దాటితే, మంచం మీదున్న ముసలోడి నోట్లో నీల్లు పొయ్యడానికి కులంలో ఎవుడూ రాడు. తెలియనోడికి దాసాల్సిన పన్నేదు. అందుకే అందరి కళ్ళూ మూయించినాను." యోనా తాడు చివర ముడివేశాడు. "సోత్రం పొట్టిగా సెయ్యడం నాకు రాక కాదు. ఆ కుండ కాడికి రావాలంటే ఆ మనిసికి దైర్నం సాలొద్దా? దైర్నం వొచ్చేదాకా ప్రార్దన సాగాల. కంచె దాటినాక ఇంకెందుకు? కూడు సల్లారిపోతాది."

నయోమి ఏడవలేదు, ఆమెకు ఏడవడానికి ఓపిక తక్కువ. సంఘాన్ని మళ్ళీ సమావేశపరిచి తీర్మానం రద్దు చేయించాలంటే కారణం చెప్పాలి. కారణం చెబితే కంచె దాటుతుంది. ఉపదేశికి చెప్పినా అంతే. ఆయన కన్నీళ్ళే బయటపెడతాయి. చట్టమంతా తెలిసిన పిల్లకు, తాను గెలిచిన తీర్పునుంచి బయటపడే దారి కనిపించక ఆ వారమంతా నలిగిపోయింది. తెల్లవారుజామున వాక్యం ముందు కూర్చున్నప్పుడు ఆమె తన తప్పులను విచారించుకోవడం మానేసింది. ప్రభువు ఎటువైపు చూస్తున్నాడో అని మొదటిసారి తల ఎత్తి చూసింది. ఎదురుగా కిటికీ. కిటికీ అవతల కంచె.

దారి దానంతట అదే వచ్చింది. మిషను కూటానికని యేసుదాసు శనివారం టెక్కలి ప్రయాణమయ్యాడు.

"రేపు సోత్రం ఎవురు సెయ్యాల?" అని ప్రశ్న వచ్చింది. యోనా వైపు చూడబోయిన కళ్ళన్నిటినీ సింహాద్రి మళ్ళించాడు.

"నయోమమ్మ సెయ్యాల! పొట్టి ప్రార్దన కోసం పోరాడింది ఎవురు? రెండు ముక్కల్లో తేల్చీత్తాది."

అందరూ సరేనన్నారు. ఆ సాయంత్రం ఊరి ఆడవాళ్ళు కమ్మలు ఏరుకుంటున్న వేళ, మొగలిపేట ఒక వింత చూసింది. మిషను పాఠశాల పంతులమ్మ, ఉతికిన తెల్లచీర కుచ్చెళ్ళు సరిచేసుకుని, కంచె దగ్గర నిలబడి, చేతులు నోటికి అడ్డంగా పెట్టుకుని, ఆకాశంలోకి కేక వేసింది.

"ఓ కాకుల్లారా! రేపు ప్రార్దన నాను సేత్తాను. పొట్టిగా ఉండదు. బయ్యం నేకుండా రండి!"

ఆమె నోట పేట మాట రావడం అదే మొదలు. దారిన పోతున్న సింహాద్రి నిలబడిపోయాడు. ఆకాశం వైపు చూశాడు, కాకి లేదు. కంచె వైపు చూశాడు, అవతల ఊరి ఆడవాళ్ళు తలలు వంచుకుని కమ్మలు ఏరుతున్నారు. తల గోక్కుంటూ ఇంటికి వెళ్ళిపోయాడు.

ఆదివారం ఆకులు వేశారు. అన్నం పొగలు కక్కుతోంది. నయోమి లేచి, అందరి కళ్ళూ మూసుకున్నాయని చూసుకుని, కుడి కన్ను మూసింది.

"వెలుగు కలగమన్నావు తండ్రీ..."

పంక్తిలో ఎక్కడో ఒక నిట్టూర్పు వినిపించింది. ఆమె ఆగలేదు. ఆదాము పుట్టాడు. తోట పోయింది. కంచెలో ఆకు కదల్లేదు. కయీను హేబెలును చంపాడు. అబ్రాహాము బయలుదేరాడు, ఇస్సాకు పుట్టాడు, యాకోబు మోసం చేశాడు. కంచె నిశ్చలంగా ఉంది. ఓపిక లేని మనిషి ప్రార్థన కనుక తరాలు తొందరగా గడిచిపోయాయి. మోషే, యెహోషువ, దావీదు పరుగున వచ్చి పరుగున వెళ్ళారు. ఇంకేం మిగిలిందో తోచక నయోమి ఒక్క క్షణం ఆగింది. ఆ క్షణంలోనే ఆకులు కదిలాయి. పోలమ్మ నిలబడి ఉంది. చెవి ఇటు పెట్టి, ఆమేన్ వస్తుందేమోనని భయంగా వింటోంది.

అప్పుడు పంక్తి నడుమ నుంచి, కళ్ళు ముడతలు పడేంత గట్టిగా మూసుకుని, సింహాద్రి గొంతు విప్పాడు.

"నోవాని మరిసిపోనావు తల్లీ. పెద్ద వాన. ఎనక్కెల్లి సెప్పు, పరవానేదు."

నయోమి వెనక్కి వెళ్ళి నోవహును తెచ్చింది. వాన కురిపించింది, జంతువులను జతలుజతలుగా ఎక్కించింది. ఏలీయాను ఆకలితో అడవికి పంపింది, కాకులను పిలిచింది. పోలమ్మ అరుగు దగ్గరికి వచ్చింది. తెచ్చుకున్న గిన్నెలోకి అన్నం ఒంపుకుంది. చెంబులో నీళ్ళు, కొంగున కట్టిన బూడిద. వంగి కుండ తోమడం మొదలుపెట్టింది. తోమకుండా వెళ్తే ఏం పోయింది? కాని ఆమె తోమింది, కడిగింది, బోర్లించింది. నయోమి కన్ను మసకబారింది గాని మూతపడలేదు. యోనా ప్రవక్త ఓడెక్కాడు. తుఫాను లేచింది. అతన్ని ఎత్తి సముద్రంలో వేశారు. పెద్ద చేప వచ్చి మింగింది. చేప కడుపులో చీకట్లో అతను మొర పెడుతుండగా, పోలమ్మ కొంగు చివర కంచె దాటి కనుమరుగైంది.

"ఆమేన్" అంది నయోమి.

కళ్ళు తెరుచుకున్నాయి. ఎవరూ వెనక్కి చూడలేదు. యోనా మీసం కింద నవ్వు దాచుకోవడానికి ప్రయత్నించి ఓడిపోయాడు.

"ఇదేటి వకీలమ్మా? నన్ను సేప కడుపులోనే ఒగ్గీసినావేటి?"

"ఎప్పుడో బయటపడ్డావు కదా మావా. ఇప్పుడు బెంగెందుకు?"

దోర్కాస్ పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత అందరూ సింహాద్రి వైపు చూశారు. తీర్పు చెప్పవలసినవాడు అతనే. అన్నం రాయిలా చల్లారి, పైన పొర కట్టి ఉంది. సింహాద్రి అందులో వేళ్ళు పెట్టాడు, పెట్టి చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కుని ఊదుకున్నాడు.

"అబ్బ! కాలిపోతన్నాది. కొంచిం ఆగి తినండర్రా."